కాంతితో వినే అల్ట్రాసౌండ్: పరీక్ష ఎక్కడ జరగాలి?

ఆసుపత్రిలో స్కానింగ్ తీసేటప్పుడు జెల్ రాసి పొట్ట మీద ఆనించే ప్రోబులో ఉండేది పీజో పదార్థం. విద్యుత్తు ఇస్తే అది కంపించి అల్ట్రాసౌండ్‌ను పుట్టిస్తుంది. ఒంట్లోని పొరలకు తగిలి తిరిగి వచ్చిన ధ్వని నొక్కితే మళ్ళీ విద్యుత్తునిస్తుంది. దీనికి పోటీగా గత 30 ఏళ్ళలో మరో రకం సెన్సర్లు ఎదిగాయి. వీటిలో ధ్వనిని పసిగట్టేది కాంతి. రెండు అద్దపు పూతల మధ్య బిగించిన సన్నటి పాలిమర్ పొర, సిలికాన్ చిప్పు మీద చెక్కిన వలయం, గాజు ఫైబర్ కొసన కూర్చిన చిన్న గుమ్మటం, ఇలా ఏదో ఒకదాన్ని లేజర్‌తో వెలిగిస్తారు. ధ్వని తాకినప్పుడు దాని మందం నానోమీటరులో ఏ కొద్ది భాగం మారినా వెనక్కి వచ్చే కాంతి మారుతుంది. ఆ మార్పును చదివి బొమ్మ కడతారు.

ఈ సెన్సర్ల మీద వస్తున్న పరిశోధన పత్రాల్లో దాదాపు ప్రతిదీ ఏదో ఒక కొలతలో తమదే ముందంజ అంటుంది. ఒకరిది సున్నితత్వం, ఒకరిది చిన్న పరిమాణం, ఇంకొకరిది విశాలమైన పౌనఃపున్య పరిధి. ఎవరి మాటా అబద్ధం కాదు. అన్నిటినీ ఒకే వరసలో నిలబెట్టి ఏది మేలని అడిగినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ఈ సమీక్ష చింతూరును గీటురాయిగా తీసుకుంటుంది. శబరి ఒడ్డున, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశా దారులు కలిసే ఏజెన్సీ కేంద్రం అది. 2014లో ఖమ్మం జిల్లా నుంచి తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. కాంతి సెన్సర్లు ప్రయోగశాలలు, కొద్దిపాటి వైద్య అధ్యయనాలు దాటి ఇంకా పెద్దగా బయటికి రాలేదు. చింతూరుకు రావడం దూరపు మాట. అయినా ఆ ఊరినే ఎంచుకోవడానికి కారణముంది. చిన్నవి, తేలికైనవి, ఎక్కడికైనా పట్టుకెళ్ళగలిగేవి అని ఈ సెన్సర్లకు జరిగే ప్రచారంలోని ఆ ‘ఎక్కడికైనా’కు అర్థం ఏమిటో ఇలాంటి చోటే తేలుతుంది.

1880 నుంచి వాల్తేరు దాకా

రెండు దారులూ ఒకే ఏడాది మొదలయ్యాయి. ఫ్రాన్స్‌లో క్యూరీ సోదరులు స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని చూపింది 1880లో. కాంతి పడిన వస్తువు నుంచి ధ్వని పుడుతుందని అలెగ్జాండర్ గ్రాహంబెల్ గమనించిందీ ఆ ఏడాదే. మొదటి దారి 1958లో అయాన్ డోనాల్డ్ బృందం లాన్సెట్‌లో ప్రచురించిన పొట్ట స్కానింగుల మీదుగా నేటి ప్రోబు దాకా వచ్చింది. రెండోది ఫొటోఎకౌస్టిక్ ఇమేజింగ్ అయింది. లేజర్ మెరుపుతో రక్తాన్ని క్షణకాలం వెచ్చబరిస్తే అందులోంచి పుట్టే అల్ట్రాసౌండ్‌ను చర్మం మీద వినే పద్ధతి ఇది.

ధ్వనిని కాంతితో చూడటం తెలుగు నేలకు కొత్తేమీ కాదు. ద్రవంలో అల్ట్రాసౌండ్ సాగుతుంటే దాని గుండా పోయే కాంతి పక్కలకు చీలుతుందని 1932లో డిబై, సియర్స్ అమెరికాలోనూ, ల్యూకా, బికార్ ఫ్రాన్స్‌లోనూ చూపారు. 1935, 36ల్లో సి.వి.రామన్, నాగేంద్రనాథ్ దానికి సిద్ధాంతం కట్టారు. నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ బాటనే పట్టారు. 1940లలో ఆయనా, ఆయన శిష్యుడు బి.రామచంద్రరావూ కలిసి చాలా ఎక్కువ పౌనఃపున్యపు అల్ట్రాసౌండ్ కాంతిని ఎలా చెదరగొడుతుందో కొలిచారు. ధ్వనిని కాంతితో కొలిచే నైపుణ్యం తూర్పు కనుమలకు దిగువనున్న ఆ తీరానికి ఎనభై ఏళ్ళ కిందటే వచ్చిందన్నది మన విజ్ఞాన చరిత్ర రాతల్లో తగినంతగా కనబడదు.

నేటి సెన్సర్ల వంశం 1990లలో మొదలైంది. 1993లో స్టాడెన్రౌస్, ఐసెన్మెంగర్ ఫైబర్ కొసనే నీటిలో ధ్వనిని వినే హైడ్రోఫోనుగా వాడారు. 1996లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో పాల్ బియర్డ్, మిల్స్ ఫైబర్ చివర పాలిమర్ పొరతో, రెండు తలాల మధ్య కాంతి తిరిగే ఫాబ్రీ పెరో సెన్సర్ కట్టారు. 2008లో అదే కాలేజీలో ఎడ్వర్డ్ జాంగ్, బియర్డ్ బృందం అరచేతిలో పట్టే పలక మీద ఆ పొరను పరచి, లేజర్ చుక్కను దాని మీద నడిపి, చర్మం కింది రక్తనాళాలను త్రిమితీయంగా చూపింది. 2017లో గుగ్గెన్‌హైమ్ తదితరులు చదును పొర స్థానంలో గుమ్మటం ఆకారం తెచ్చారు. 2020లో మ్యూనిక్‌లో ష్నైడర్‌మన్, న్జియాక్రిస్టోస్ బృందం 220 నానోమీటర్ల ఎత్తు, 500 నానోమీటర్ల వెడల్పు గల సిలికాన్ సెన్సర్ చేసింది. 2021లో బెల్జియంలోని ఐమెక్ పరిశోధన సంస్థలో వెస్టర్‌వెల్డ్ బృందం చిప్పు తయారీ పద్ధతిలోనే మరో సెన్సర్ చేసింది.

ఒక అంకె, దాని వెనక షరతులు

పోలికలన్నీ ఒక కొలత చుట్టూ తిరుగుతాయి. సెన్సర్‌కు సొంత గోల ఉంటుంది. లేజర్ తడబాటు, కాంతి రేణువుల చెదురు, ఆంప్లిఫయర్ రొద అన్నీ కలిసినది అది. ఆ గోలతో సరితూగే అతిచిన్న ధ్వని పీడనమే ఆ సెన్సర్ వినగల హద్దు. ఈ అంకె ఎంత తక్కువైతే సెన్సర్ అంత మంచిదంటారు.

2008 నాటి లండన్ సెన్సర్‌కు ఇది 0.21 కిలోపాస్కల్. 2017 నాటి గుమ్మటానికి 1.6 మిల్లీపాస్కల్. పక్కపక్కన పెడితే రెండోది 1,30,000 రెట్లు మెరుగనిపిస్తుంది. అసలు సంగతి వేరు. మొదటి అంకె 20 మెగాహెర్ట్జ్ వెడల్పు మొత్తం మీద లెక్కగట్టినది. రెండోది ఒక్క హెర్ట్జ్ వెడల్పుకు చెప్పినది. గోల పరిధి అంతటా సమానంగా ఉందనుకుంటే, 20 మెగాహెర్ట్జ్‌కు వర్గమూలం సుమారు 4,470. 210 పాస్కళ్ళను దానితో భాగిస్తే 47 మిల్లీపాస్కళ్ళు వస్తాయి. కాబట్టి నిజమైన తేడా దాదాపు 30 రెట్లు. 30 రెట్లు కూడా గొప్ప ముందడుగే. అయితే లక్ష రెట్లకూ 30 రెట్లకూ మధ్య దూరమంతా కొలత రాసిన పద్ధతిలో పుట్టింది.

ఇలాంటి మెలికలు ఇంకా ఉన్నాయి. ఒకే సంకేతాన్ని 100 సార్లు తీసుకుని సరాసరి కడితే గోల పదో వంతుకు తగ్గుతుంది. సరాసరి కట్టామని పత్రంలో రాయకపోతే చదివేవారికి తెలియదు. పీడనాన్ని శిఖరం వద్ద తీసుకున్నారా, సగటు లెక్కన తీసుకున్నారా? ఏ పౌనఃపున్యం దగ్గర? ధ్వని నేరుగా వచ్చిందా, ఏటవాలుగానా? నా దృష్టిలో ఈ షరతులు లేని అంకె సగం అంకే. పత్రిక సంపాదకులు వీటిని పట్టికగా ముందే అడిగి ఉంటే ఇన్నేళ్ళ గందరగోళం చాలా వరకు తప్పేది.

పౌనఃపున్య పరిధి గొప్పలను కూడా తూచి చూడాలి. మ్యూనిక్ సెన్సర్ పరిధి 230 మెగాహెర్ట్జ్. భౌతికశాస్త్రపరంగా అది అబ్బురమే. కానీ మెత్తటి కణజాలంలో అల్ట్రాసౌండ్ ప్రతి సెంటీమీటరుకూ, ప్రతి మెగాహెర్ట్జ్‌కూ దాదాపు అర డెసిబెల్ చొప్పున కరిగిపోతుంది. 50 మెగాహెర్ట్జ్ ధ్వని ఒక సెంటీమీటరు దాటేసరికి పీడనం 18వ వంతుకు, రెండు సెంటీమీటర్లు దాటేసరికి 300వ వంతు కంటే కిందికి పడుతుంది. అంటే అంత విశాలమైన పరిధి చర్మపు పైపొరల్లో కణాలను చూసే పనికి వరం, కడుపులోని అవయవానికి అక్కర్లేనిది.

మూడు వాదాలు

పరీక్ష ఎలా చేయాలన్న దాని మీద మూడు ఆలోచనా ధోరణులు కనిపిస్తాయి.

మొదటిది కొలతశాస్త్రం వారిది. సెన్సర్‌ను నీటితొట్టిలో పెట్టి, తెలిసిన పీడనపు ధ్వనిని పంపి, ప్రామాణిక హైడ్రోఫోనుతో పోల్చాలంటారు. ఇందుకు ఐఈసీ 62127 అనే అంతర్జాతీయ ప్రమాణాల వరస ఉంది. బ్రిటన్‌లోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ, జర్మనీలోని పీటీబీ వంటి జాతీయ కొలతల సంస్థలు హైడ్రోఫోన్లకు మూల ప్రమాణాన్ని లేజర్ ఇంటర్ఫెరోమీటర్‌తోనే నిలబెడతాయి. అంటే పీజో హైడ్రోఫోను నిజాయితీకి అడుగున పూచీ పడేది కాంతే. ఈ ధోరణి బలం దాని కచ్చితత్వం. ఏ దేశంలో కొలిచినా ఒకే అంకె రావాలన్నది దాని పట్టుదల. బలహీనత ఏమంటే, గాలి బుడగలు తీసేసిన నీరు, కదలని బల్ల, నిలకడైన గది ఉష్ణోగ్రత మనిషి ఒంటికీ, వార్డుకీ ప్రతినిధులు కావు.

రెండోది నమూనా దిమ్మల వారిది. కణజాలంలా కాంతినీ ధ్వనినీ మింగే, చెదరగొట్టే దిమ్మలు చేసి, లోపల సన్నటి కార్బన్ పోగులు అమర్చి, బొమ్మలో అవి ఎంత స్పష్టంగా, ఎంత లోతు దాకా కనబడతాయో చూస్తారు. 2018లో మొదలైన అంతర్జాతీయ ఫొటోఎకౌస్టిక్ ప్రామాణీకరణ కూటమి ఐపాస్క్ ఇలాంటి దిమ్మల ముడిసరుకు, డేటా రూపం, పరీక్ష క్రమం అందరికీ ఒకటిగా ఉండేలా పనిచేస్తోంది. వైద్యుడికి కావలసింది బొమ్మే కాబట్టి ఈ పద్ధతి వాడకానికి దగ్గర. అయితే ఇందులో లేజర్, సెన్సర్, బొమ్మ కట్టే సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకేసారి పరీక్షకు కూర్చుంటాయి. బొమ్మ బాగుంటే ఘనత ఎవరిది, బాగోకపోతే తప్పు ఎవరిదన్నది విడదీయడం కష్టం. చదును సెన్సర్‌కు నిలువుగా దిగే రక్తనాళాలు సరిగా కనబడవు. సెన్సర్ ఎంత సున్నితమైనా ఆ లోపం పోదు.

మూడోది రోగి దగ్గర మొదలవ్వాలనే వారిది. 2024లో హుయిన్ తదితరులు ప్రచురించిన లండన్ అధ్యయనం దీనికి మంచి ఉదాహరణ. ఒకేసారి పలు లేజర్ కిరణాలతో పొరను చదివి, నిమిషాలు పట్టే స్కానును క్షణాలకు దింపారు. ఆరోగ్యవంతులతో పాటు మధుమేహం, కీళ్ళవాతం, రొమ్ము క్యాన్సర్ ఉన్నవారి నాళాలను 15 మిల్లీమీటర్ల లోతు దాకా చూశారు. అక్కడ తేలింది ముఖ్యమైన పాఠం. నిమిషాల సేపు సాగే స్కానులో రోగి కాస్త కదిలినా బొమ్మ అలుక్కుపోతుంది. వేగం లేని సున్నితత్వం వార్డులో అక్కరకు రాదు. ఈ ధోరణికి ఉన్న చిక్కు, కొద్దిమంది రోగులతో వచ్చిన ఫలితాన్ని ఇంకో ఆసుపత్రి ఫలితంతో పోల్చే సాధనం లేకపోవడం.

మూడింటినీ కలిపి చూస్తే, నీటితొట్టి సెన్సర్‌ను వేరుచేసి చూపుతుంది కానీ పరిసరాన్ని చూపదు. దిమ్మ యంత్రాన్ని మొత్తంగా చూపుతుంది కానీ మనిషిని చూపదు. రోగి మీది పరీక్ష మనిషిని చూపుతుంది కానీ ఆ సంపన్న ఆసుపత్రి గదిని దాటి రాదు. మూడింటిలోనూ గది ఉష్ణోగ్రత ఒక స్థిరాంకం.

వేసవి, తేమ, వరద

వేడికీ తేమకూ సెన్సర్ నిలుస్తుందా అన్నదే నేను అన్నిటికంటే ఎక్కువ పట్టించుకోవాలనుకునే పరీక్ష. దీని మీద రాసింది తక్కువ కూడా.

సిలికాన్ వలయం ఒక నిర్దిష్ట కాంతి తరంగదైర్ఘ్యం దగ్గరే సూటిగా స్పందిస్తుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఆ తరంగదైర్ఘ్యం సుమారు 70 నుంచి 80 పికోమీటర్లు జరుగుతుంది. సున్నితత్వం కోసం వలయాన్ని ఎంత పదును చేస్తే ఆ స్పందన అంత ఇరుకవుతుంది. ఈ పదునుకు కొలత అయిన నాణ్యతా గుణకం లక్ష ఉన్న వలయానికి 1,550 నానోమీటర్ల వద్ద ఆ ఇరుకు వెడల్పు 15 పికోమీటర్లే. అంటే ఒక్క డిగ్రీ మార్పుకే సెన్సర్ తన స్పందన వెడల్పుకు ఐదింతలు పక్కకు పోతుంది. గాజు ఫైబర్‌లో చెక్కిన జాలీలు దీనికంటే మెరుగు, డిగ్రీకి దాదాపు 10 పికోమీటర్లు. పాలిమర్ పొరలు వేడికి వ్యాకోచిస్తాయి, కొన్ని తేమను పీల్చుకుంటాయి.

సున్నితత్వాన్ని పెంచే గుణమే నిలకడను తినేస్తుందన్నమాట. పత్రాల్లో మొదటిదానికి అంకె ఉంటుంది, రెండోదానికి తరచూ ఉండదు. ఒక్క సెన్సరైతే లేజర్‌ను దాని వెంట జరుపుకుంటూ పోవచ్చు. వందల సెన్సర్ల వరస అయితే ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు జరుగుతుంది. 2008 నాటి లండన్ పలకలో పొర మందం చోటుచోటుకూ కొద్దిగా మారుతుంది కాబట్టి ప్రతి చుక్క దగ్గరా లేజర్‌ను విడిగా సరిచేయాల్సి వచ్చింది.

ఇప్పుడు చింతూరు వేసవిని తలుచుకోవాలి. పక్కనున్న భద్రాచలం ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. ఏసీ గదిలోంచి తీసిన యంత్రాన్ని జీపులో మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీదుగా తెచ్చి, చింతూరు దాటి గుట్టల మీది కోయ, కొండరెడ్డి పల్లెకు చేర్చి, ఫ్యాను గాలిలో పెట్టి నడపాలంటే ఒక్క పూటలో 15, 20 డిగ్రీల తేడా. వానాకాలంలో తేమ. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 70 అడుగులు దాటినప్పుడు శబరి ఎగదన్ని చింతూరు, కూనవరం, వీఆర్‌పురం మండలాల్లో ఊళ్ళు మునిగాయి. అలాంటి రోజుల్లో కరెంటు మీద ఆశ పెట్టుకోలేం. బ్యాటరీతో నడిచే లేజర్ ఎంతసేపు నిలకడగా ఉంటుందన్నది అక్కడ చావుబతుకుల ప్రశ్న.

మామూలు పీజో ప్రోబును ఇలాంటి కష్టాలకు దశాబ్దాలుగా పరీక్షించారు. స్కానింగ్ యంత్రాల భద్రతకు ఐఈసీ 60601-2-37 అనే ప్రత్యేక ప్రమాణమే ఉంది. వాడకంలో ప్రోబును తడుపుతారు, తుడుస్తారు, స్పిరిట్ రాస్తారు, ఎప్పుడో ఒకసారి కింద పడేస్తారు. కాంతి సెన్సర్ అద్దపు పూత వెయ్యిసార్లు తుడిచాక ఎలా ఉంటుందో చెప్పే అంకెలు సున్నితత్వపు అంకెలంత బాహాటంగా ముందుకు రావాలి.

చర్మపు రంగు

పలక సెన్సర్‌లో వినే కాంతి ఒంట్లోకి పోదు, అద్దాల మధ్యే తిరుగుతుంది. అందువల్ల వినడానికి చర్మపు రంగుతో పనిలేదు. ఫొటోఎకౌస్టిక్‌లో ధ్వనిని పుట్టించే కాంతికి మాత్రం పని ఉంది. మెలనిన్ ఆ కాంతిని పైనే మింగి, పైపొరలోనే పెద్ద ధ్వని పుట్టించి, లోపలి రక్తనాళాల గొంతును అణచివేస్తుంది. చర్మం మీద పడే లేజర్‌కు హద్దుంది. దృశ్యకాంతి నానోసెకను మెరుపులకు చదరపు సెంటీమీటరుకు 20 మిల్లీజౌళ్ళు. కాబట్టి కాంతి పెంచి ఆ లోటు పూడ్చుకునే వీలు తక్కువ.

ఇది ఊహాజనితమైన భయం కాదు. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ తగ్గుదలను తెల్లవారిలో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా చూడలేకపోయిందని 2020 డిసెంబరులో అమెరికా అధ్యయనం బయటపెట్టింది. అప్పటికి ఆ పరికరం దశాబ్దాలుగా వాడుకలో ఉంది. నల్లటి చర్మంపై పరీక్ష తరవాత చేద్దామనుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. నమూనా దిమ్మల మీద వేసే పైపొరలో కోయ రైతు ఎండలో తిరిగిన చర్మానికి సరిపోయే మెలనిన్ మోతాదు మొదటి పరీక్షలోనే ఉండాలి.

అసలు అవసరం ఇదేనా?

ఈ చర్చను ఆపి నిలదీసే మరో వాదముంది. దాన్ని తేలిగ్గా తీసేయలేం. 2016 ప్రాంతంలో చింతూరు ఏజెన్సీ పల్లెల్లో గిరిజనులు కాళ్ళవాపుతో చనిపోయారు. మూత్రపిండాలా, గుండె జబ్బా, రక్తహీనతా అన్న అనుమానాల మధ్య వైద్య బృందాలు పల్లెలకు వెళ్ళాయి. మూత్రపిండం చర్మానికి కొన్ని సెంటీమీటర్ల లోతున ఉంటుంది. 15 మిల్లీమీటర్ల దాకా చూసే యంత్రం అక్కడికి చేరదు. గర్భిణి స్కానింగ్ కూడా దాని పని కాదు. ఈ రెండింటికీ మామూలు పీజో స్కానింగే కావాలి. దానికి యంత్రం కంటే రేడియాలజిస్టు కరువు ఎక్కువ. డోలీలో మోసుకొచ్చిన గర్భిణికి సెన్సర్ మిల్లీపాస్కళ్ళతో పనిలేదు, రోడ్డుతో పనుంది.

చట్టం కూడా ఉంది. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం లింగ నిర్ధారణకు వీలున్న స్కానింగ్ యంత్రం వాడే ప్రతి కేంద్రానికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. దాని కింది నిబంధనలు చేత్తో మోసే యంత్రాలపై ఆంక్షలు పెట్టాయి. ఆడపిల్లల ప్రాణం కోసం వచ్చిన చట్టం అది, సడలించాలనడం తప్పు. అయితే పిండాన్ని చూడలేని, చర్మం కింది నాళాలకే పరిమితమైన కాంతి యంత్రం దీని కిందికి వస్తుందా అన్నది ముందే తేల్చుకోవాలి. లోతు హద్దును కొలిచే పరీక్ష అప్పుడు చట్టానికీ సాక్ష్యమవుతుంది.

అయినా ఈ వాదం కాంతి సెన్సర్లను కొట్టేయదు. మధుమేహుల పాదాల నాళాలు, కీళ్ళ వాపు, సూది మొనలోంచి లోపలికి పంపే ఫైబర్ ప్రోబు, ఇవన్నీ పీజో ఇబ్బందిపడే చోట్లు. పీజో మూలకాన్ని చిన్నది చేసేకొద్దీ వినికిడి పడిపోతుంది. కాంతి సెన్సర్‌కు ఆ శిక్ష చాలా తక్కువ. 2017లో డెజార్డిన్స్, ఫిన్లే బృందం సూదిలో దూర్చిన పూర్తి కాంతి అల్ట్రాసౌండ్‌తో పంది గుండెలో బొమ్మలు తీసింది. ఆ పనిని అంత సన్నటి పీజోతో చేయడం కష్టం.

తేలనివి

సెన్సర్ వరసలో ఎన్ని మూలకాలు పనిచేస్తే వరస పనిచేస్తున్నట్టు? 256లో 20 మూగబోతే బొమ్మ ఎంత చెడుతుందన్నది సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారుతుంది. ఒప్పుకున్న హద్దు లేదు. ధర సంగతీ అంతే. 1,550 నానోమీటర్ల లేజర్లు టెలికాం రంగం వల్ల చౌకబడ్డాయి, కానీ వేగంగా తరంగదైర్ఘ్యం మార్చే, గోల తక్కువున్న లేజర్లు ఇంకా ఖరీదే. చిప్పు రూపాయల్లో వచ్చినా దాన్ని చదివే పెట్టె లక్షల్లో ఉంటే ‘ఎక్కడికైనా’ అన్న మాట నిలవదు.

పరీక్ష ఎవరు చేయాలన్నది మిగిలిన ప్రశ్న. వైద్య పరికరాల తయారీకి, పరీక్షకు విశాఖలోని పెదగంట్యాడలో ఏఎంటీజెడ్ ఉంది. వైద్య పరికరాలకు 2017 నిబంధనలు ఉన్నాయి. 25 నుంచి 45 డిగ్రీల దాకా వేడెక్కే, తేమ నిండే పెట్టెలో సెన్సర్‌ను పెట్టి, వినికిడి హద్దును ప్రతి ఐదు డిగ్రీలకూ కొలిచి, మెలనిన్ పొర వేసిన దిమ్మ మీద బొమ్మ తీసి, ఆపై అదే పరికరాన్ని జీపులో చింతూరు ఆసుపత్రికి తెచ్చి, మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి అదే దిమ్మ మీద మళ్ళీ కొలిచే పరీక్షకు పెద్ద ఖర్చు కాదు. పరీక్ష క్రమాన్ని రాసే ఐపాస్క్ వంటి కూటముల ముందుకు ఆ పట్టికను తీసుకెళ్ళాల్సింది విశాఖ, హైదరాబాద్ ప్రయోగశాలలే.